టేపుల లైబ్రరీకి కొత్త వార్డెన్

మన హాస్టల్లో చదివిన వాళ్లెవరికైనా ట్రంకు పెట్టె గుర్తుండే ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, లోపల రెండు జతల బట్టలు, నోటు పుస్తకాలు, అమ్మ కట్టిచ్చిన కారప్పొడి. ఏ నంబరు పెట్టె ఎవరిది, ఏ గదిలో ఎవరు, స్టోర్ రూములో బియ్యం మూటలెన్ని, దుప్పట్లెన్ని అనేవన్నీ వార్డెన్ సార్ రిజిస్టర్లలో ఉండేవి. ఆయనకు బదిలీ అయితే పాత సార్, కొత్త సార్ ఇద్దరూ కూర్చుని రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కొక్క సరుకూ లెక్క చూసుకునేవారు. దాన్ని చార్జి అప్పగించడం అంటారు. పిల్లలు అక్కడే ఉంటారు, పెట్టెలు అక్కడే ఉంటాయి, బియ్యం అక్కడే ఉంటుంది. ఏది ఎక్కడుందో తెలిసిన మనిషి మాత్రమే మారతాడు.

మిత్రులారా! ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది కూడా అటువంటి చార్జి అప్పగింత గురించే. కాకపోతే ఇక్కడ వార్డెన్ ఒక మనిషి కాదు, అరచేతికి కాస్త పెద్దదైన ఒక ఎలక్ట్రానిక్ కార్డు. పిల్లలు వందలాది టేపులు. హాస్టల్ పేరు ఆటోమేటిక్ టేప్ లైబ్రరీ. పీజీ చదువులో భాగంగా హైదరాబాదులో ఒక డేటా సెంటర్‌లో మూడు నెలలు శిక్షణ పొందినప్పుడు ఆ కార్డును మార్చే పనిలో నేను కూడా ఒక చెయ్యి వేశాను. ఒక చోట చెయ్యి జారబోయింది కూడా. అది చివర్లో చెబుతాను.

టేపులు ఇంకా ఉన్నాయా?

నేను ఈ సంగతి చెప్పగానే మా ఊళ్లో ఒక అన్న నవ్వాడు. "పెన్‌డ్రైవులు, క్లౌడ్ అంటూ ఉంటే నువ్వు ఇంకా క్యాసెట్ల కాడే ఉండావా?" అన్నాడు. పాటల క్యాసెట్లు పోయిన మాట నిజమే. కానీ కంప్యూటర్ సమాచారం దాచే టేపులు పోలేదు, పైగా పెరిగాయి.

అయస్కాంత టేపుకు 1928లో జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ ఫ్లూమర్ పేటెంటు తీసుకున్నాడు. 1952లో ఐబీఎం కంపెనీ కంప్యూటర్ సమాచారాన్ని టేపు మీద రాసే 726 అనే యంత్రాన్ని తెచ్చింది. 2000లో ఎల్‌టీవో అనే రకం టేపు వచ్చింది. అనేక కంపెనీలు కలిసి ఒప్పుకున్న కొలతలు కాబట్టి ఒకరి టేపు మరొకరి డ్రైవులో పడుతుంది. మొదటి తరం టేపులో 100 గిగాబైట్లు పట్టేవి. 2012లో వచ్చిన ఆరో తరంలో 2.5 టెరాబైట్లు, 2021లో వచ్చిన తొమ్మిదో తరంలో 18 టెరాబైట్లు పడతాయి. డబ్బా మాత్రం అదే సైజు, అరచేతిలో ఇమిడిపోతుంది.

2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి ఉత్తరాలన్నీ మాయమయ్యాయి. వాడేవారిలో వాళ్లు 0.02 శాతమే అయినా, పోయినవాడికి పోయినట్లే కదా! అనేక చోట్ల ఉంచిన డిస్కు కాపీలన్నిటికీ ఆ లోపం పాకింది. చివరకు ఆ ఉత్తరాలు టేపుల నుంచి తిరిగి వచ్చాయి. టేపు కంప్యూటర్‌కు తగిలించి ఉండదు, గూట్లో విడిగా కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ లోపం దాన్ని అంటలేదు. ఈనాడు వైరస్‌లతో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే దొంగల బెడద పెరిగాక ఈ గుణానికి విలువ ఇంకా పెరిగింది.

పాతరా, వంటింటి డబ్బా

మన కోయిలకుంట్ల వైపు నల్లరేగడి నేలలో పూర్వం జొన్నలను పాతరలో దాచేవారు. ఆ సంగతి మన అవ్వాతాతలను అడిగితే చెబుతారు. నేలలో గుంత తవ్వి, గడ్డి పరచి, గింజలు పోసి, పైన మట్టి కప్పేవారు. వంటింట్లో డబ్బాలో మాత్రం ఆ వారానికి సరిపడా గింజలే ఉండేవి. ప్రతి పూటా పాతర తవ్వరు. అలాగని పంట మొత్తాన్ని డబ్బాలో పోయలేరు.

కంప్యూటర్ సమాచారం కూడా అంతే. రోజూ కావలసింది వేగమైన డిస్కుల మీద, ఎప్పుడో అవసరమయ్యేది టేపుల మీద ఉంటుంది. టేపు వాడనప్పుడు కరెంటు ఖర్చు లేదు. సరైన చల్లదనం, తేమ ఉంటే 30 ఏళ్ల వరకు నిలుస్తుందని తయారీదారులు చెబుతారు.

మన తెలుగు నేల మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారి షాద్‌నగర్ కేంద్రం 1979 నుంచి ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటోంది. 1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం ఎగిరాక మన దేశం సొంత కంటితో మన పొలాలను చూడడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో వచ్చిన చిత్రాలన్నీ అయస్కాంత టేపుల మీదే నిలవ చేశారు. తరువాతి కాలంలో వేగమైన డిస్కులు, నెమ్మది డిస్కులు, చివరన టేప్ లైబ్రరీ అనే అంచెలుగా అమర్చుకున్నారు. ఒక ఏడాది కరువులో చెరువు ఎంత ఎండింది, పదేళ్ల తరువాత ఎంత నిండింది అని పోల్చాలంటే పాత చిత్రం ఉండి తీరాలి. ఈ రోజు చెరువును ఈ రోజు మళ్లీ ఫోటో తీయవచ్చు. 1988 నాటి చెరువును ఇప్పుడు ఎవరూ ఫోటో తీయలేరు.

లైబ్రరీ లోపల ఏముంటుంది?

టేప్ లైబ్రరీ చూడటానికి ఒక ఇనుప బీరువాలా ఉంటుంది. చిన్నవైతే ఇరవై నలభై టేపులు, పెద్దవైతే వేల టేపులు పడతాయి. తలుపుకు ఉన్న అద్దం గుండా చూస్తే నాలుగు భాగాలు కనిపిస్తాయి.

ఒకటి, గళ్లు. తేనెపట్టులా వరుసగా ఉంటాయి. ఒక్కొక్క గడికి ఒక నంబరు, ఒక్కొక్క గడిలో ఒక టేపు.

రెండు, డ్రైవులు. టేపును చదివేదీ రాసేదీ ఇవే. టేపు వెడల్పు అర అంగుళం. ఆరో తరం టేపు పొడవు 846 మీటర్లు. దాని మీద 2,176 సన్నని గీతలుగా సమాచారం రాస్తారు. ఒకేసారి 16 గీతలు రాస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు పోతుంది. మన రైతు గొర్రుతో విత్తనం వేస్తూ గట్టు దగ్గర ఎద్దులను తిప్పుకుని పక్క సాళ్లు పట్టుకున్నట్టే. ఇలా 136 సార్లు తిరిగితే టేపు నిండుతుంది. సెకనుకు 160 మెగాబైట్ల వేగంతో రాసినా ఒక టేపు నిండడానికి నాలుగు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది.

మూడు, మరచెయ్యి. పట్టాల మీద పైకీ కిందికీ, పక్కలకూ కదులుతుంది. చివర టేపును పట్టుకునే వేళ్లు, బార్‌కోడ్ చదివే కన్ను ఉంటాయి. గడిలోంచి టేపు తీసి డ్రైవులో పెడుతుంది, పని అయ్యాక మళ్లీ గడిలో పెడుతుంది.

నాలుగు, కంట్రోలర్ కార్డు. ఇదే మన వార్డెన్.

కార్డు పనేమిటి?

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్ "17వ గడిలో టేపు తీసి 2వ డ్రైవులో పెట్టు" అని ఆజ్ఞ పంపుతుంది. ఆ మాటను కార్డు అర్థం చేసుకుని, ఎన్ని మిల్లీమీటర్లు పైకి, ఎన్ని పక్కకు అని మోటార్లకు చెబుతుంది. టేపు నిజంగా చేతిలోకి వచ్చిందా, తలుపు మూసి ఉందా అని సెన్సర్లను అడుగుతుంది. పని అయ్యాక గడి ఖాళీ, డ్రైవు నిండు అని తన పట్టికలో రాసుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. టేప్ లైబ్రరీ వ్యవస్థలో జ్ఞాపకం మూడు చోట్ల ఉంటుంది. అసలు సమాచారం టేపు మీద ఉంటుంది, అది గింజ. ఏ ఫైలు ఏ నంబరు టేపులో ఉందో బ్యాకప్ సర్వర్‌లోని క్యాటలాగ్‌లో ఉంటుంది, అది పద్దు పుస్తకం. ఏ నంబరు టేపు ఏ గడిలో ఉందో కంట్రోలర్ కార్డుకు తెలుసు, అది వార్డెన్ జ్ఞాపకం. ఈ మూడింటినీ కలిపి కట్టే దారం టేపు మీద అంటించిన బార్‌కోడ్. మామూలుగా దానిలో ఆరు అక్షరాల నంబరు, చివర టేపు తరాన్ని తెలిపే రెండు అక్షరాలు ఉంటాయి. ఆరో తరమైతే చివర ఎల్6 అని ఉంటుంది. ఈ చివరి రెండు అక్షరాలను గుర్తు పెట్టుకోండి. కథంతా వాటి దగ్గరే ఉంది.

కాబట్టి కార్డు కాలిపోతే గింజ పోదు, పద్దు పోదు. అందుకని ఎవరూ కంగారు పడనక్కర లేదు. కానీ వార్డెన్ లేని హాస్టల్లో ఎవరి పెట్టె వారికి ఇచ్చే దిక్కు ఉండదు.

రోగం ఎక్కడుందో ముందు తేల్చాలి

ఒక శుక్రవారం సాయంత్రం లైబ్రరీ ఆగిపోయింది. ముందరి చిన్న తెర నల్లగా ఉంది. నేను వెంటనే "కార్డు పోయింది సార్" అన్నాను. మా సీనియర్ ఇంజనీర్ ప్రొద్దుటూరు వైపు మనిషి. "జ్వరం వచ్చిన ప్రతివాడికీ టైఫాయిడ్ కాదప్పా, చూద్దాం పా" అన్నాడు.

తెర నల్లబడడానికి కారణాలు అనేకం. కరెంటు రాకపోవచ్చు. పవర్ సప్లయి యూనిట్ పోయి ఉండవచ్చు. తెర దగ్గరి తీగ వదులై ఉండవచ్చు. ఆయన వరుసగా చూసుకుంటూ వచ్చాడు. పవర్ సప్లయి మీద పచ్చ దీపం వెలుగుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కార్డు మీద గుండెలా కొట్టుకోవలసిన చిన్న దీపం మాత్రం కదలకుండా ఒకే తీరున వెలుగుతోంది. లైబ్రరీ వెబ్ పేజీ తెరుచుకోవడం లేదు.

ఆ తరువాత సర్వర్‌లో చూశాడు. మా లైబ్రరీలో మరచేతికి వెళ్లే ఆజ్ఞలు కూడా ఒక డ్రైవు గుండానే పోతాయి. ఒకే తీగ మీద డ్రైవు ఒక ఇంటి నంబరుతో, మరచెయ్యి మరో ఇంటి నంబరుతో కనిపించాలి. డ్రైవులు నాలుగూ కనిపిస్తున్నాయి, మరచెయ్యి మాత్రం లేదు. అంటే తీగ బాగుంది, డ్రైవు బాగుంది, డ్రైవుకు వెనకనున్న కార్డు పలకడం లేదు. ఒకసారి కరెంటు తీసి, తీగలు బిగించి మళ్లీ ఇచ్చినా అదే తీరు. అప్పుడు గానీ ఆయన "ఇప్పుడు చెప్పు, కార్డు పోయింది" అనలేదు.

మార్చే ముందు చేయవలసినవి

కొత్త కార్డు మరునాడు ఉదయం వచ్చింది. ఈలోపు చేయవలసిన పనులు ఉన్నాయి.

ముందుగా సర్వర్‌లో బ్యాకప్ పనులన్నీ ఆపాలి. లేకపోతే సగం పనిలో ఉన్న సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ లైబ్రరీని పిలుస్తూనే ఉంటుంది. డ్రైవుల్లో టేపులు ఉన్నాయా, మరచేతి వేళ్ల మధ్య టేపు ఇరుక్కుందా అని చూసి రాసుకోవాలి.

తరువాత లైబ్రరీ అమరికలు. నెట్‌వర్క్ చిరునామా, గళ్లను ఎన్ని భాగాలుగా విభజించారు, ఏ డ్రైవు ఏ భాగానికి, శుభ్రం చేసే టేపు ఏ గడిలో, బార్‌కోడ్‌లో ఎన్ని అక్షరాలు సర్వర్‌కు చెప్పాలి, లైసెన్సు నంబర్లు, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్. ఇవన్నీ ఒక ఫైలుగా దించుకునే సౌకర్యం దాదాపు అన్ని లైబ్రరీల్లో ఉంటుంది. అయితే కార్డు బతికి ఉన్నప్పుడే దించుకోవాలి. ఇదే పాత వార్డెన్ ఇచ్చే చార్జి లిస్టు. మా కార్డు చార్జి ఇవ్వకుండానే పోయింది. ఏడాది క్రితం దించిన ఒక ఫైలు, దాని ప్రింటు కాగితం మాత్రం బీరువాలో దొరికాయి.

మూడోది, వచ్చిన కార్డు మనకు సరిపోయేదేనా అని పార్ట్ నంబరు చూసుకోవాలి. చూడటానికి కవల పిల్లల్లా ఉండే కార్డులు వేరు వేరు మోడళ్లవి కావచ్చు.

వంట్లోని మెరుపు

ఈ భాగం మన రాయలసీమ వాళ్లు ముఖ్యంగా చదవాలి. చలికాలం పొడిగాలిలో ఉన్ని స్వెట్టర్ విప్పుతుంటే చిటపటమని చప్పుడు వినిపిస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి ఇనుప తలుపు ముట్టుకుంటే చురుక్కుమంటుంది. అది స్టాటిక్ విద్యుత్తు. గాలిలో తేమ ఉంటే అది నెమ్మదిగా జారిపోతుంది. మన గాలి లాంటి పొడిగాలిలో ఒంటి మీదే నిలిచిపోతుంది. సుమారు 3,000 వోల్టులు దాటితే గానీ ఆ చురుకు మనకు తెలియదు. కార్డు మీది కొన్ని చిప్‌లు 100 వోల్టుల లోపు దెబ్బకే పాడవుతాయి. అంటే మనకు తెలియకుండానే చంపేయగలం. ఇంకా ప్రమాదం ఏమంటే, చిప్ అప్పుడే చావకుండా గాయపడి రెండు నెలల తరువాత చావవచ్చు.

అందుకే మణికట్టుకు ఒక పట్టీ కట్టుకుని, దాని తీగ క్లిప్పును లైబ్రరీ ఇనుప చట్రానికి తగిలిస్తారు. ఆ తీగలో పది లక్షల ఓముల నిరోధం ఉంటుంది. ఒంటి మీది విద్యుత్తు నెమ్మదిగా దిగిపోతుంది, పొరపాటున కరెంటు తగిలినా మనకు దెబ్బ తగలదు. నేను ఎంతో జాగ్రత్తగా పట్టీ కట్టుకుని క్లిప్పు తగిలించాను. సార్ చూసి తల పట్టుకున్నాడు.

"యాడ తగిలిస్తివిరా అబ్బయా? అది పెయింటు. పెయింటు మీద తగిలిస్తే ఎర్తు యాడికి పోతుంది?"

నిజమే. నల్ల పెయింటు పూసిన చోట తగిలించాను. పెయింటు విద్యుత్తును పోనివ్వదు. పెయింటు లేని మెరిసే స్క్రూకు మార్చాను. పట్టీ కట్టుకోవడం ఒకటి, అది పని చేస్తోందో లేదో చూసుకోవడం మరొకటి అని ఆ రోజు తెలిసింది.

కార్డు మార్చడం

అసలు మార్చే పనికి పావుగంట పట్టలేదు. లైబ్రరీని ఆపి, కరెంటు తీగలు రెండూ గోడ నుంచి పీకేశాం. కొన్ని పెద్ద లైబ్రరీల్లో ఇలాంటి కార్డులు రెండు ఉంటాయి, ఒకటి నడుస్తుండగానే రెండోది మార్చవచ్చు. మాది అటువంటిది కాదు. మోడల్‌ను బట్టి దాని పుస్తకంలో ఏం రాశారో అదే చేయాలి.

వెనకవైపు కార్డుకు ఉన్న తీగలను ముందు ఫోటో తీశాం. ఒక్కొక్క తీగకు కాగితపు చీటీ అంటించి నంబరు రాశాం. తరువాత తీగలు తీశాం. రెండు వేలి స్క్రూలు వదులు చేసి, రెండు పక్కల మీటలను ఒకేసారి బయటికి లాగితే కార్డు సొరుగులా జారి వచ్చింది. ఒక మీటనే లాగితే కార్డు వంకరై వెనకనున్న సూదుల్లాంటి పిన్నులు వంగుతాయి. కార్డు బయటికి వచ్చాక టార్చి వేసి ఆ పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయా అని చూశాం. ఒక్క పిన్ను వంగినా కొత్త కార్డు కూడా పాడైపోతుంది.

కొన్ని మోడళ్లలో పాత కార్డు మీద వేలి గోరంత మెమొరీ కార్డు ఉంటుంది, అమరికలన్నీ దానిలో ఉంటాయి. దాన్ని తీసి కొత్త కార్డులో పెట్టాలి. మరచిపోయి పాత కార్డుతో పాటు వెనక్కు పంపేస్తే చార్జి లిస్టును చెత్తబుట్టలో వేసినట్టే. మా మోడల్లో అలాంటిది లేదు. సీరియల్ నంబరు మాత్రం లైబ్రరీ చట్రంలోని ఒక చిప్‌లో ఉంటుంది, కొత్త కార్డు దాన్ని చదువుకుంటుంది. సీరియల్ నంబరు మారితే సర్వర్ దీన్ని వేరే లైబ్రరీ అనుకుంటుంది.

కొత్త కార్డును అంచులతో పట్టుకుని గాడిలో పెట్టి తోశాం. బలం వాడకూడదు. సరిగ్గా కూర్చుంటే మీటలు వాటంతటవే మూసుకుంటాయి. చీటీల ప్రకారం తీగలు పెట్టి కరెంటు ఇచ్చాం. దీపం గుండెలా కొట్టుకోవడం మొదలైంది. మరచెయ్యి మెల్లగా లేచి నాలుగు మూలలూ తడిమి కొలతలు తీసుకుంది. ఆ తరువాత వరుసగా ప్రతి గడి ముందూ ఆగి బార్‌కోడ్ చదివింది. కొత్త వార్డెన్ పిల్లల హాజరు తీసుకుంటున్నట్టే అనిపించింది.

అసలు గండం

పని అయిపోయిందని అందరం టీ తాగాం. నిజానికి అప్పుడే గండం మొదలైంది.

కొత్త కార్డులోని ఫర్మ్‌వేర్ పాతదాని కంటే కొత్తది. ఏడాది నాటి ఫైలును అది ఒప్పుకోలేదు. సరేనని ప్రింటు కాగితం చూసి అమరికలన్నీ చేత్తో ఎక్కించాం. ఆ కాగితానికి రెండో పేజీ ఉండాలని, అది లేదని ఎవరూ గమనించలేదు.

సర్వర్ ముందు నేను కూర్చున్నాను. లైబ్రరీ కనిపించింది, మరచెయ్యి కనిపించింది, సంతోషం వేసింది. టేపుల జాబితా అడిగాను. తెర మీద రెండు మాటలు వచ్చాయి. పాత టేపులు 91 కనిపించడం లేదు. కొత్త టేపులు 91 కనిపించాయి. కింద ఒక ప్రశ్న ఉంది: కొత్త టేపులన్నిటికీ లేబుల్ రాయమంటారా? దాని పక్కన "పాత లేబుల్ ఉన్నా రాసెయ్యి" అన్న గడిలో ఎవరో ఎప్పుడో పెట్టిన టిక్ అలాగే ఉంది.

నాకు లేబుల్ అంటే పైన అంటించే చీటీ అనుకున్నాను. మౌస్ "అవును" మీదికి పోయింది.

సార్ నా చెయ్యి పట్టుకున్నాడు.

లేబుల్ అంటే చీటీ కాదు. టేపు మొదట్లో సాఫ్ట్‌వేర్ రాసే పేరు. టేపు స్వభావం ఏమంటే, మొదట్లో కొత్తగా ఏదైనా రాస్తే అక్కడే "ఇంతటితో సరి" అనే గుర్తు పడుతుంది. ఆ గుర్తు దాటి డ్రైవు ముందుకు చదవదు. వెనక 800 మీటర్ల సమాచారం అలాగే ఉన్నా దాన్ని అందుకునే దారి మూసుకుపోతుంది. 91 టేపులకూ అదే గతి పట్టేది. కార్డు కాలిపోయినా పోని గింజ, ఒక్క క్లిక్‌తో పోయేది.

ఆ టేపుల్లో కొన్ని కళాశాలల మార్కుల రికార్డులు ఉన్నాయి. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. నా డిగ్రీ మార్కుల మెమోను మా అమ్మ ప్లాస్టిక్ కవరులో పెట్టి బియ్యం డబ్బా వెనక దాచింది. ఆ 91 టేపుల్లో అటువంటి ఇళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో! వాళ్ల మెమో పోతే డూప్లికేట్ అడగడానికి వచ్చేది ఆ రికార్డుల దగ్గరికే కదా! ఇప్పటికీ ఆ సాయంత్రం తలచుకుంటే నా వేలు వణుకుతుంది.

మరి టేపులు ఎందుకు మాయమైనట్టు? సార్ రెండు జాబితాలనూ పక్క పక్కన పెట్టి చూపించాడు. పాత పేర్లలో ఎనిమిది అక్షరాలు, కొత్త పేర్లలో ఆరు. చివరి ఎల్6 లేదు. బార్‌కోడ్‌లోని అక్షరాలన్నీ చెప్పాలా, మొదటి ఆరే చెప్పాలా అన్నది ఒక అమరిక. పాత కార్డులో ఎనిమిది అని ఉంది, కొత్త కార్డు ఫ్యాక్టరీ నుంచి ఆరుతో వచ్చింది. ఆ వరుస ప్రింటు కాగితం రెండో పేజీలో ఉండేది. హాజరు పట్టీలో ఇంటిపేరుతో సహా రాసి ఉంటే, కొత్త సార్ ఒట్టి పేరుతో పిలిచినట్టు. పిల్లలు ఎదురుగా ఉన్నా "వీళ్లెవరో కొత్తవాళ్లు, మనవాళ్లందరూ పోయారు" అన్నట్టయింది.

అమరికను ఎనిమిదికి మార్చి మళ్లీ జాబితా తీస్తే 91 టేపులూ తమ పాత పేర్లతో వచ్చి నిలబడ్డాయి.

అంతటితో సార్ లేవలేదు. ముందు ఒక ఖాళీ టేపును గడి నుంచి డ్రైవుకు, డ్రైవు నుంచి గడికి తిప్పి చూశాం. తరువాత ఒక పాత టేపులోంచి ఒక నిజమైన ఫైలును వేరే చోటికి తెచ్చి తెరిచి చూశాం. ఆ ఫైలు తెరుచుకున్నాకే లాగ్ పుస్తకంలో "పని పూర్తి" అని రాసి సంతకం చేశాడు. ఆ రాత్రే కొత్త అమరికల ఫైలు దించి, రెండు పేజీలూ ప్రింటు తీసి, పిన్ను కొట్టి ఫైలులో పెట్టాము.

మనకు దీంతో పనేమిటి?

కోయిలకుంట్లలో టేప్ లైబ్రరీ లేదు, కార్డు మార్చే అవసరం మనకు రాదు అనుకోవచ్చు. కానీ దాచడం, దాచినదాన్ని తిరిగి అందుకోవడం మన సీమకు కొత్త కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. శతాబ్దాల పాటు వాటి ఊసు ఎవరికీ లేదు. 20వ శతాబ్దంలో అవి బయటపడితేనే మనకు ఆ పాటలు దక్కాయి. రేకు నిలిచింది కానీ ఏది ఎక్కడుందో చెప్పే జ్ఞాపకం తెగిపోయింది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తాళపత్రాలను సేకరించి, పండితులకు జీతాలిచ్చి ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులను పోల్చి రాయించాడు. ఆయన చేసింది ఆ కాలపు బ్యాకప్పే. ఇక 2009 అక్టోబరు 2న కర్నూలును వరద ముంచినప్పుడు ఇళ్లలోని కాగితాలు నీళ్లపాలు కావడం మన జిల్లా వాళ్లు కళ్లారా చూశారు. ఒకే ఇంట్లో ఎన్ని కాపీలున్నా వరదకు అన్నీ ఒకటే.

కంప్యూటర్ వాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. పదో తరగతి చదువుతున్న తమ్ముళ్లు ఇప్పుడే దీన్ని పాటించవచ్చు. పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, టీసీ అసలు కాగితాలు ఇంట్లో ఉంచండి. జిరాక్సు ట్రంకు పెట్టెలో పెట్టుకోండి. స్కాన్ చేసిన కాపీని ఈమెయిల్‌లో గానీ డిజిలాకర్‌లో గానీ ఉంచండి. పూర్వ విద్యార్థులైన అన్నలు వచ్చినప్పుడు పిల్లలకు ఈ స్కానింగ్ పని చేసిపెడితే అది కూడా ఒక సేవే. ఆ తరువాత ఏడాదికొకసారి ఆ ఫైలు తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. తెరిచి చూడని కాపీ, తవ్వి చూడని పాతర ఒకటే. లోపల గింజ ఉందో, బూజు పట్టిందో ఎవరికి తెలుసు?

చివరగా ఒక మాట. టేపుల లైబ్రరీ అన్నా, సర్వర్ అన్నా అవేవో పెద్ద చదువుల వాళ్లకే అర్థమవుతాయని హాస్టల్లో ఉన్నప్పుడు నేను భయపడేవాణ్ణి. తీరా దగ్గరికి పోయి చూస్తే దానిలో ఉన్నవి గళ్లు, నంబర్లు, ఒక రిజిస్టర్, ఒక చార్జి లిస్టు. మనం రోజూ చూసినవే. తెలియనిది కనిపించినప్పుడు "అవును" నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి, "దీనర్థం ఏమిటి సార్?" అని అడగండి. అడగడానికి సిగ్గుపడితే ఏం జరిగేదో నాకు బాగా తెలుసు.